బి.ఎడ్. అధ్యాపకులకు డిజిటల్ శిక్షణ: 3 రోజుల్లో ఏయే యాప్‌లు నేర్పాలి?

మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పుకొని మొదలుపెడతాను. మీరు హైదరాబాదులో ఒక బి.ఎడ్. కళాశాలలో పనిచేస్తున్నారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు మాధ్యమాలకు కలిపి అక్కడ 14 మంది అధ్యాపకులు ఉన్నారు, వారి వయసు 33 నుంచి 58 ఏళ్ళ దాకా ఉంది. వారందరికీ 3 రోజుల డిజిటల్ శిక్షణ ఏర్పాటు చేయమని ప్రిన్సిపాల్ గారు మీకు అప్పగించారు. ఏయే యాప్‌లు నేర్పాలి, సీనియర్లు ముందుకు రాకపోతే ఏం చేయాలి, బయటి సంస్థను పిలిపించడం మంచిదా అని మీరు అడిగారు.

సూటిగా చెప్పాలంటే, యాప్‌ల జాబితాతో మొదలుపెట్టకండి, ఆ 3 రోజులను వరుసగా ఖర్చు చేయకండి. 3 రోజులంటే 6 పూటలు. నెలకు ఒక పూట చొప్పున వాటిని 6 నెలలకు పంచండి. ప్రతి పూటకూ మీ అధ్యాపకులకు ఇప్పటికే చెయ్యి తిరిగిన పని ఒకటి, అంటే సూక్ష్మబోధన (కొద్ది నిమిషాల చిన్న పాఠం చెప్పి దిద్దుకోవడం) గానీ, బోధనాభ్యాస (బడికి వెళ్ళి పాఠం చెప్పే అభ్యాసం) పరిశీలన గానీ, పాఠ్యపథకాలు దిద్దడం గానీ తీసుకొని, అందులోకి ఒకే ఒక్క సాధనాన్ని ప్రవేశపెట్టండి. మళ్ళీ పూట వచ్చేలోపు ఆ సాధనాన్ని వారు తమ ఛాత్రోపాధ్యాయులతో, అంటే బి.ఎడ్. విద్యార్థులతో, కనీసం రెండుసార్లు వాడాలని షరతు పెట్టండి. వారు నిజంగా నేర్చుకునేది ఆ మధ్యలోని నెలలోనే.

ఇది నేను దెబ్బ తిని తెలుసుకున్న సంగతి. ఉపాధ్యాయ విద్యలో 24 ఏళ్ళు పనిచేశాను, రిసోర్స్ పర్సన్‌గా చాలా జిల్లాలు తిరిగాను. చాలా ఏళ్ళ క్రితం నేను నిర్వహించిన మొదటి డిజిటల్ వర్క్‌షాపులో 2 రోజుల్లో 11 సాధనాలు చూపించాను. చూపించాను అనే అంటున్నాను, నేర్పించాను అనడానికి నోరు రావడం లేదు. రెండో రోజు సాయంత్రం అభిప్రాయ పత్రాలన్నింటిలోనూ ‘చాలా ఉపయోగకరంగా ఉంది’ అని రాసి ఉంటే పొంగిపోయాను. 2 నెలల తరువాత వేరే పని మీద అదే కళాశాలకు వెళ్ళి, వాటిలో ఏవేవి వాడుతున్నారని అడిగాను. తెరిచిన ఖాతాల పాస్‌వర్డులు ఇద్దరికి తప్ప ఎవరికీ గుర్తు లేవు. అందరూ రోజూ వాడుతున్నది వాట్సాప్ ఒక్కటే, దాన్ని నేర్పింది నేను కాదు. ఆ రోజు నుంచి చివరి రోజు నింపించే అభిప్రాయ పత్రాలను నేను లెక్కలోకి తీసుకోవడం మానేశాను.

ఎందుకు ఇలా జరుగుతుందో చెబుతాను. బడిలో పాఠం చెప్పే టీచరుకు ఒక సాధనం వస్తే ఆమె తరగతి వరకు సరిపోతుంది. ఆ టీచరును తయారుచేసే అధ్యాపకునికి రెండింతల పని ఉంటుంది. ఆయన ఆ సాధనంతో పాఠం చెప్పాలి, ఎక్కడ వాడాలో, ఎక్కడ పక్కన పెట్టి చాక్‌పీస్ అందుకోవాలో తన నడత ద్వారానే చూపించాలి. ఛాత్రోపాధ్యాయులు మనం చెప్పినదాన్ని పరీక్షలో రాస్తారు, మనం చేసినదాన్ని బడికి తీసుకువెళతారు. పిల్లలు కృత్యాల ద్వారా జ్ఞానాన్ని నిర్మించుకుంటారని 60 స్లైడ్ల పీపీటీని గంటసేపు చదివి వినిపించిన అధ్యాపకుని దగ్గర చదువుకున్నవారు, తరువాత ఏడో తరగతికి వెళ్ళి 60 స్లైడ్లు చదివి వినిపిస్తే వారిని తప్పుపట్టలేము.

దీనికి తోడు మన కళాశాలల్లో ఒక పాత అలవాటు ఉంది. 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ళ కోర్సు అయినప్పుడు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్.సి.టి.ఇ.) పాఠ్యప్రణాళిక చట్రంలో ఐసీటీని (సమాచార, ప్రసార సాంకేతికతను) విమర్శనాత్మకంగా అవగాహన చేసుకోవడం ఒక ప్రత్యేక అంశంగా వచ్చింది. రావడం మంచిదే, కానీ చాలాచోట్ల ఆ పేపరు కంప్యూటరు వచ్చిన ఒక్కరి తలకు చుట్టుకుంది. మిగిలినవారు ‘అది ఫలానా సార్ సబ్జెక్టు’ అని ఊరుకున్నారు. గణిత బోధన చెప్పే మేడంకు జియోజీబ్రా (తెర మీద ఆకారాలను కదిపి గణితం చూపించే సాఫ్ట్‌వేర్) రాకపోతే, ఐసీటీ సార్ ఎంత బాగా చెప్పినా ఆ కళాశాల నుంచి వెళ్ళే గణిత టీచరు త్రిభుజాన్ని లాగి చూపించలేదు. పరిశోధకులు పంకజ్ మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో ప్రతిపాదించిన టీప్యాక్ నమూనా గురించి మీరు చదివే ఉంటారు. విషయం, బోధనా పద్ధతి, సాంకేతికత అనే మూడింటినీ విడివిడిగా నేర్పితే అవి తరగతిలో వాటంతట అవి కలవవు అన్నదే అందులో మనకు కావలసిన మాట. పద్యం చెప్పేటప్పుడు ఛందస్సు వినపడాలి, భిన్నాలు చెప్పేటప్పుడు ముక్కలు కదలాలి. ఒకే సాధనంతో రెండూ కావు.

మొదటి పూటకు సూక్ష్మబోధనను ఎంచుకోండి, సాధనంగా ఫోనులోని వీడియో కెమెరా చాలు. నా అనుభవంలో దీనికి మించిన ఆరంభం లేదు, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

1963 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్‌లో డ్వైట్ అలెన్ బృందం సూక్ష్మబోధనను రూపొందించినప్పుడు వీడియో రికార్డరు ఆ పద్ధతిలో భాగంగానే ఉండేది. మన దేశానికి వచ్చేసరికి అంతటి యంత్రాలు కళాశాలల్లో లేవు కాబట్టి వీడియో జారిపోయింది, తోటి ఛాత్రోపాధ్యాయులే పరిశీలకులయ్యారు. మనందరికీ కంఠస్థమైన 36 నిమిషాల చక్రం (6 నిమిషాల బోధన, 6 నిమిషాల పరిపుష్టి అంటే ఫీడ్‌బ్యాక్, 12 నిమిషాల పునఃప్రణాళిక, 6 నిమిషాల పునర్బోధన, 6 నిమిషాల పునఃపరిపుష్టి) అలా స్థిరపడింది. అప్పుడు జారిపోయిన యంత్రం ఇప్పుడు ప్రతి ఒక్కరి జేబులోనూ ఉంది. అందువల్ల సీనియర్ అధ్యాపకులతో ‘మీకు కొత్త విషయం నేర్పుతున్నాం’ అనవలసిన పనే లేదు. ‘మీ పద్ధతిలో మొదట ఉండి, మన దగ్గర లోపించిన భాగాన్ని తిరిగి పెడుతున్నాం’ అంటే చాలు. ఈ మాటకు చాలామందిలో బిగువు సడలడం నేను కళ్ళారా చూశాను.

చేసే విధానం ఇది. ఫోనును రెండో బెంచీ మీద నాలుగు పుస్తకాల దొంతరకు ఆనించి అడ్డంగా నిలబెట్టాలి. చేత్తో పట్టుకొని తీస్తే ఆరు నిమిషాలకు చెయ్యి వణుకుతుంది. రిజల్యూషన్‌ను 720కి తగ్గిస్తే ఫైలు చిన్నదవుతుంది, చూడడానికి ఏ లోపమూ ఉండదు. ఫోను నెత్తిన తిరిగే ఫ్యాను ఒక్కదాన్ని ఆపండి, లేకపోతే గాలి హోరు తప్ప మాట వినపడదు. మొదటి వీడియోలో బోధించేది ఛాత్రోపాధ్యాయుడు కాకూడదు, అధ్యాపకుడే బోధించాలి. ఇది తప్పనిసరి. తన వీడియో తాను చూసుకోని అధ్యాపకుడు ఇతరుల వీడియో మీద ఇచ్చే పరిపుష్టి తీర్పు చెప్పినట్టే ఉంటుంది.

వీడియో చూసేటప్పుడు ‘ఎలా ఉంది?’ అని అడగకండి. లెక్కపెట్టదగినది ఒక్కటి ఇవ్వండి. నేను ఎప్పుడూ ఇచ్చేది ప్రశ్న వేసిన తరువాత ఆగే సమయం. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని 3 సెకన్లకు పెంచగలిగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, మౌనంగా ఉండేవారూ నోరు విప్పుతారని 1970లలో మేరీ బడ్ రో తన పరిశోధనలో చూపించారు. ఈ విషయం మన పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది, మనమూ నోట్సు చెబుతూనే ఉంటాం.

ఒక కళాశాలలో 56 ఏళ్ళ తెలుగు అధ్యాపకురాలు, పదవీ విరమణకు దగ్గరలో ఉన్నవారు, మొదట ‘ఇప్పుడు నాకెందుకు బాబూ’ అని పక్కన కూర్చున్నారు. ఆమె పాఠం చెప్పడంలో దిట్ట అని అందరికీ తెలుసు. బతిమాలగా ఒక వేమన పద్యం మీద 6 నిమిషాలు చెప్పారు, ఒకరు వీడియో తీశారు. తరువాత ఆమె అద్దాలు సవరించుకొని, రెండో ఫోనులో స్టాప్‌వాచీ పెట్టుకొని, తన వీడియోలో తానే లెక్కపెట్టుకున్నారు. 7 ప్రశ్నలు అడిగారు. వాటిలో 5 ప్రశ్నలకు జవాబు కూడా ఆమే చెప్పారు, అదీ ఊపిరి తీసుకునేలోపే. వీడియోను వెనక్కి జరిపి మళ్ళీ చూశారు. గదిలో ఎవరమూ మాట్లాడలేదు. ‘ముప్పయి ఏళ్ళుగా పిల్లలు జవాబు చెప్పడం లేదని తిడుతున్నాను’ అని మాత్రం అన్నారు. ఆ తరువాత ఆమెకు వీడియో కత్తిరించడం, గూగుల్ డ్రైవ్‌లో పెట్టడం, లింకు పంపడం ఎవరూ నేర్పనక్కరలేదు, తానే అడిగి నేర్చుకున్నారు. అవసరం పుట్టాక వయసు అడ్డు రాదు.

2020 సెప్టెంబరు 1న టీ-శాట్ (రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానెళ్ళు), దూరదర్శన్ యాదగిరి ద్వారా మన రాష్ట్రంలో బడిపిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలైన రోజులనూ గుర్తు చేసుకోండి. అంతకుముందు మెయిలు తెరవడానికి కూడా మనుమరాలిని పిలిచే అధ్యాపకులు ఆ కొద్ది వారాల్లో ఆన్‌లైన్ తరగతి పెట్టి, హాజరు తీసుకొని, వర్క్‌షీట్లు పంపారు. అప్పుడు ఏ వర్క్‌షాపూ జరగలేదు, గత్యంతరం లేకపోవడమే నేర్పింది. బడులు తెరుచుకున్నాక వాటిలో చాలా భాగం రాలిపోయింది, రోజువారీ పనిలో ఇమిడిపోయినవి మాత్రం నిలిచాయి. ఏవి నిలిచాయో మీ కళాశాలలో అడిగి చూడండి, మీ ప్రణాళికకు ఆ జవాబులే పునాది.

రెండో పూట తెలుగు టైపింగుకు ఇవ్వండి. ఇది చిన్న విషయమని చాలామంది దాటేస్తారు. నేను చూసినంతలో తెలుగు మాధ్యమ అధ్యాపకులు కంప్యూటరుకు దూరంగా ఉండడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. తమ భాషలో ఒక వాక్యం రాయలేని యంత్రం మీద ఎవరికి మనసు పుడుతుంది?

మన దగ్గర మరో చిక్కు ఉంది. ఏళ్ళ తరబడి మాడ్యూళ్ళు, ప్రశ్నపత్రాలు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపయ్యాయి. ఆ పాత ఫాంట్లు యూనికోడ్‌వి (ఏ కంప్యూటరైనా గుర్తించే అక్షర ప్రమాణానివి) కావు. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ‘బోధనా లక్ష్యాలు’ అన్న శీర్షిక చుక్కలు, గీతలు, అర్థంలేని రోమన్ అక్షరాలుగా విచ్చిపోతుంది. ఒకసారి మండల స్థాయి శిక్షణలో ఒక అధ్యాపకుడు వారం రోజులు శ్రమపడి చేయించుకొచ్చిన స్లైడ్లు ప్రొజెక్టరు మీద అలా పడ్డాయి. ఆయన తప్పేమీ లేకపోయినా 40 మంది టీచర్ల ముందు తలదించుకున్నారు, ఆ తరువాత చాలాకాలం పెన్‌డ్రైవ్ ముట్టలేదు. ఆయనకు ఎవరైనా ముందుగా ఒక్క వాక్యం, అంటే ‘యూనికోడ్‌లో టైపు చేయించండి’ అని చెప్పి ఉంటే సరిపోయేది. తెలుగు 1991 నుంచీ యూనికోడ్‌లో ఉంది.

నేర్పవలసింది కొంచెమే. విండోస్‌లో తెలుగు కీబోర్డు జోడించుకోవడం (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్ ఎప్పటినుంచో ఉంది, ‘అమ్మ’ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు విండోస్ 10లో 2019 నుంచి ఉంది), విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కి భాష మార్చుకోవడం, ఫోనులో జీబోర్డు (గూగుల్ కీబోర్డు) మైకు నొక్కి తెలుగులో చెప్పి రాయించుకోవడం చూపిస్తే చాలు. మైకు విరామచిహ్నాలను, సంధులను తప్పుగా పెడుతుంది. దిద్దుకోవడం మన అధ్యాపకులకు వెన్నతో పెట్టిన విద్య కాబట్టి అది ఇబ్బంది కాదు. అందమైన అక్షరాలు కావాలంటే మండలి, మల్లన్న, రామభద్ర, సురవరం వంటి ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. పాత అను ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కాకపోతే మార్చాక వత్తులను ఒకసారి కళ్ళతో చూసుకోవాలి.

మీ ఉర్దూ మాధ్యమ సహోద్యోగులను ఈ పూటలో మరచిపోకండి. హైదరాబాదు కళాశాలల్లో నేను గమనించినదేమిటంటే, శిక్షణంతా తెలుగు, ఇంగ్లిషు తెరల మీదే నడుస్తుంది, వారు మర్యాదగా కూర్చొని వెళ్ళిపోతారు. స్లైడులో పేరా దిశను కుడి నుంచి ఎడమకు మార్చే బొత్తాము ఒకటి ఉందని చూపించకపోతే వాక్యం చివరి విరామచిహ్నం వాక్యం మొదటికి ఎగిరి కూర్చుంటుంది. నోటో నస్తాలిక్ ఉర్దూ ఫాంటు ఉచితమే. ఈ రెండూ చూపించడానికి పావుగంట చాలు, ఆ పావుగంటతో వారికి ఈ శిక్షణ తమదనిపిస్తుంది.

మూడో పూటకు బోధనాభ్యాస పరిశీలన తీసుకోండి. ఒక ఏడాది మా పరిశీలన పత్రాలను బీరువాలోంచి తీసి ఒకేసారి చదివాను. దాదాపు ప్రతి పత్రంలోనూ ‘స్వరం స్పష్టంగా ఉంది, నల్లబల్ల వాడకం బాగుంది, టీఎల్ఎం (బోధన సామగ్రి) మెరుగుపరచుకోవాలి’ అన్న మూడు మాటలే ఉన్నాయి. మేము బద్ధకస్తులమని కాదు. కాగితాలు ఒక్కొక్కటిగా బీరువాలోకి వెళ్ళడం వల్ల ఆ మాటలు ఎన్నిసార్లు తిరిగి వస్తున్నాయో ఎవరికీ కనబడలేదు. మరుసటి ఏడాది అదే పత్రాన్ని గూగుల్ ఫారంగా చేసి, ‘పిల్లవాడు చెప్పిన తప్పు జవాబు ఒకటి యథాతథంగా రాయండి, దానికి ఛాత్రోపాధ్యాయుడు ఏం చేశాడో రాయండి’ అన్న ఒక్క ప్రశ్న చేర్చాం. నెల తిరిగేసరికి షీటులో వరుసగా నిజమైన తప్పు జవాబులు పోగయ్యాయి. 1/3 కంటే 1/4 పెద్దదని చెప్పిన ఐదో తరగతి పిల్లలు ఎన్ని బడుల్లో ఉన్నారో, వారికి మనవాళ్ళు ఇచ్చిన జవాబు ఎంత తేలికగా ఉందో కనబడింది. ఆ షీటు పెట్టుకొని గణిత అధ్యాపకులు రెండు వారాల తరగతులు నడిపారు. స్ప్రెడ్‌షీటులో వడపోత, వరుసక్రమం అనే రెండు మీటలు అప్పుడే నేర్పాలి, ముందు నేర్పితే ఎవరికీ ఎక్కవు.

నాలుగో పూట విషయవారీగా విడిపోండి, అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టకండి. భౌతికశాస్త్రం వారు ఫెట్ అనుకరణల్లోని (తెర మీద చేసి చూసే ప్రయోగాల్లోని) విద్యుత్ వలయాల పెట్టె తీసుకోవచ్చు. ఫెట్‌ను కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించారు. ఉచితం, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానూ నడుస్తాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. అయితే స్విచ్ నొక్కి చూపించడం బోధన కాదు. రెండో బల్బును శ్రేణిలో కలిపితే మొదటి బల్బు వెలుగు ఏమవుతుందో ముందు నోటుపుస్తకంలో రాయించి, ఆ తరువాతే నొక్కాలి. గణితం వారికి జియోజీబ్రా. భాషల వారికి ఫోనులోని వాయిస్ రికార్డరు చాలు, పద్యపఠనాన్ని రికార్డు చేసి విరుపు సరిగా ఉందో లేదో వినిపించవచ్చు. సాంఘికశాస్త్రం వారికి ఉపగ్రహ పటాలు, అందులోనూ తమ బడి చుట్టూ ఉన్న చెరువు ఏళ్ళ వెంబడి ఎలా కుంచించుకుపోయిందో చూపించడం. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు చూసే వీలుంది, ఈ నగరంలో దానికి ఉదాహరణల కొరత లేదు.

ఐదో పూట కృత్రిమ మేధకు. దీనిని మొదటి పూటలోనే పెట్టమని మీ మీద ఒత్తిడి వస్తుంది, లొంగకండి. పాఠ్యపథకం రాయడం వచ్చినవారికే యంత్రం రాసిన పాఠ్యపథకంలోని లోపం కనబడుతుంది. నేను చేయించే అభ్యాసం ఒక్కటే. ఎనిమిదో తరగతి లోపు ఏదో ఒక పాఠానికి తెలుగులో 10 ప్రశ్నలు చాట్‌బాట్‌తో రాయించి, ఎర్రపెన్ను చేతికిచ్చి, మన పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకొని దిద్దమంటాను. ఒకసారి కిరణజన్య సంయోగక్రియ మీద అడిగితే ‘ప్రకాశ సంశ్లేషణ’ అని వచ్చింది. అది హిందీ పాఠ్యపుస్తకంలోని మాటకు తెలుగు లిపి తొడిగినది, మన పిల్లవాడు ఆ మాటను జన్మలో విని ఉండడు. మరో ప్రశ్నకు ఇచ్చిన నాలుగు ఐచ్ఛికాల్లో రెండు సరైన జవాబులున్నాయి. దిద్దడం పూర్తయ్యాక అధ్యాపకులే చెప్పారు, ప్రశ్నలు పుట్టించడానికి ఇది పనికొస్తుంది, పరీక్ష పెట్టడానికి పనికిరాదని. ఆ తీర్పు వారి నోటి నుంచే రావాలి. మనం ముందుగా భయపెట్టినా, ఆకాశానికెత్తినా అది జరగదు. చాట్‌బాట్‌లో పిల్లల పేర్లు, మార్కులు పెట్టవద్దని మాత్రం ముందే చెప్పండి.

ఆరో పూటకు నేను ఏమీ సూచించను. అప్పటికి మీ వాళ్ళే ఏదో ఒకటి అడుగుతారు. ఎవరూ ఏమీ అడగకపోతే మొదటి ఐదింటిలో ఎక్కడో లోపం జరిగిందని అర్థం చేసుకొని, ఆ పూటను దానిని సరిదిద్దడానికి వాడండి.

సీనియర్ల సంగతి. చిన్నవారిని జతగా కూర్చోబెట్టడం మంచిదే, అయితే ఒక నియమం పెట్టండి. నేర్పేవారు మౌస్ ముట్టుకోకూడదు, ఎదుటివారి ఫోను తీసుకోకూడదు. నోటితో చెప్పాలి, వేలితో చూపించాలి, అంతే. ‘ఇలా ఇవ్వండి మేడం, నేను చేసిపెడతాను’ అన్న సహాయం వల్ల మన కళాశాలల్లో జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. ఎదురుగా ఉన్నవారు నిమిషంలో చేసిపెడతారు, పెద్దవారు జీవితాంతం వారి మీద ఆధారపడతారు. ఇంకొకటి, జత ఒకవైపే సాగకూడదు. ఆ చిన్న అధ్యాపకుని పాఠ్యపథకాన్ని ఆ పెద్దావిడ దిద్దాలి. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నచోట చిన్నతనం అనిపించదు.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. బడిలో తీసే వీడియోలో పిల్లల ముఖాలు పడితే అది మీ సొంత వ్యవహారం కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారిని పిల్లలుగానే పరిగణిస్తుంది, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. ఫోనును పిల్లల వెనుకవైపు పెట్టి టీచరును మాత్రమే తీస్తే చాలావరకు ఈ చిక్కు రాదు. అయినా ప్రధానోపాధ్యాయుల లిఖితపూర్వక అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు తీసుకోండి, వీడియోను వాట్సాప్ గ్రూపులో వేయకండి. ఇంటర్‌నెట్‌లో దొరికిన బొమ్మలన్నీ మనవి కావని, క్రియేటివ్ కామన్స్ (ఇతరులు వాడుకోవడానికి ముందే ఇచ్చిన అనుమతి) గుర్తు ఉన్నవాటిని షరతులు చూసి, పేరు రాసి వాడుకోవచ్చని కూడా ఒక పది నిమిషాలు చెప్పండి.

ప్రామాణిక చట్రాల గురించి ఎవరైనా అడుగుతారు. యునెస్కో ఉపాధ్యాయుల ఐసీటీ సామర్థ్యాల చట్రం 2018 నాటి మూడో రూపంలో 18 సామర్థ్యాలను చెబుతుంది. అది బడి టీచర్లను ఉద్దేశించినది. ఉపాధ్యాయ విద్యావేత్తల కోసమే, అంటే టీచర్లను తయారుచేసే మనవంటి వారి కోసమే, అమెరికాలో కొందరు పరిశోధకులు 2017లో 12 సామర్థ్యాల జాబితా తయారుచేశారు. మూడు నెలలు గడిచాక దానిని తెలుగులో ఒక పేజీగా రాసుకొని తమకు వచ్చినవాటికి ఎవరికి వారు టిక్కు పెట్టుకోమనండి. మొదటి రోజే చేతిలో పెడితే నేల విడిచి సాము అవుతుంది. ఆ జాబితాలో చివరిది నాకు చాలా ఇష్టం: చిన్నచిన్న సాంకేతిక ఇబ్బందులను తామే సరిచేసుకోగలగడం. అంత పెద్ద జాబితాలో అది ఉన్నందుకు సంతోషించాను, ఎందుకంటే మన దగ్గర పాఠాలు ఆగిపోయేది అక్కడే. పాత ప్రొజెక్టరుకు వీజీఏ పిన్ను మాత్రమే ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటుంది, మధ్యలో పెట్టే చిన్న కన్వర్టరు ఎవరి దగ్గరా ఉండదు. కన్వర్టరు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కాపీ, ఫోను హాట్‌స్పాట్, వీటితో పాటు రెండు చాక్‌పీసులు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. కరెంటు పోయినప్పుడు చాక్‌పీసు తీసి ఆగకుండా పాఠం కొనసాగించే అధ్యాపకుడిని చూసి ఛాత్రోపాధ్యాయులు నేర్చుకునేది కూడా డిజిటల్ నైపుణ్యంలో భాగమేనని నా అభిప్రాయం.

ఫలితం ఎలా తెలుస్తుందని ప్రిన్సిపాల్ గారు అడిగితే సర్టిఫికెట్లు చూపించకండి. ఒక్కో పూట తరువాత 6 వారాలకు ప్రతి అధ్యాపకుని నుంచి రెండు అడగండి: ఆయన తన తరగతిలో వాడినది ఒకటి, ఆయన దగ్గర చదివిన ఛాత్రోపాధ్యాయుడు బడిలో వాడినది ఒకటి. రెండోది లేకపోతే మొదటిది ఉన్నా లాభం లేదు. రాష్ట్ర స్థాయి శిక్షణలో గ్రూపులుగా కూర్చొని ఫోన్లు చేత పట్టుకొని చేసిన కృత్యం, జిల్లాకు వచ్చేసరికి ప్రదర్శనగా మారి, మండలానికి వచ్చేసరికి చదివి వినిపించే పీపీటీగా మిగలడం నేను ఎన్నోసార్లు చూశాను. కాబట్టి చివరి మెట్టు దగ్గర ఏం మిగిలిందో చూడడమే కొలత.

ఇక బయటి సంస్థ విషయం. పిలిపించవద్దని అనను, మొదటి మూడు పూటలకు మాత్రం వద్దు. వారికి సాధనం తెలుస్తుంది, సూక్ష్మబోధన చక్రమూ మీ పరిశీలన పత్రమూ తెలియవు. ఈ నగరంలో మీకు దగ్గరలోనే తోటివారు ఉన్నారు: మాసాబ్ ట్యాంకులో ఐ.ఏ.ఎస్.ఈ. (ఉపాధ్యాయ విద్యలో ఉన్నత అధ్యయన సంస్థ) ఉంది, ఉర్దూ మాధ్యమానికి గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి అధ్యాపకులలో ఒకరిద్దరిని పిలిచి, వారు చేసి చూపించడమే కాక, వారి దగ్గర పాడైపోయిన ప్రయత్నాల గురించి కూడా చెప్పమనండి. నాలుగో పూటకు జియోజీబ్రా లాంటిది లోతుగా కావాలంటే అప్పుడు బయటివారిని పిలవవచ్చు, ఏ పాఠానికి కావాలో ముందుగా రాసి ఇచ్చి, ఆ పాఠం దాటి వెళ్ళవద్దని చెప్పండి. ఖర్చు కోసం కేటాయించిన డబ్బు మిగిలితే ఒక ఫోను స్టాండు, ఒక కాలరు మైకు, రెండు కన్వర్టర్లు కొనండి. మైకు కొనేటప్పుడు మీ ఫోనుకు సరిపడే పిన్ను ఉన్నదో లేదో చూసుకోండి, ఆ పొరపాటు మేము చేశాం.